కుక్కకు తలకట్టు

జూన్ 11

మావయ్యకు నమస్కారాలు.

ఫోన్ చేస్తే, చెవులు పనిచేయడం మానేశాయి, ఏదైనా ఉంటే రాసి చావు అన్నారు. అందుకే రాస్తున్నాను. ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో. స్టాంపు ఏ మూల అతికించాలని అడిగితే పోస్టాఫీసులో ఆవిడ నన్ను చూసి జాలిపడింది.

విషయం సూటిగా చెప్తాను. ఈ స్కూల్లో నన్ను రెండో తరగతి పిల్లలకు చేతిరాత నేర్పడానికి తీసుకున్నారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మొన్న డ్రాయింగ్ మాస్టారు మానేశారు. హెడ్మాస్టారు నన్ను గదిలోకి పిలిచి, రాతకైనా గీతకైనా చెయ్యి ఒకటే కదా అని ఆ క్లాసు కూడా నాకే అంటగట్టారు. ఆగస్టులో తల్లిదండ్రులు వచ్చే రోజున నలభైమంది పిల్లలూ ఒక్కొక్కరే బోర్డు దగ్గరకొచ్చి కార్టూన్ కుక్కను గీసి చూపించాలట. అది బాగా జరిగితే ఉద్యోగం ఖాయం చేస్తారు. జరక్కపోతే అని నేను నసిగితే ఆయన "చూద్దాం" అని ఊరుకున్నారు.

ఇది నాకు మూడో స్కూలు. ఇదీ పోతే ఈ ఒంటిగది ఖాళీ చేసి అన్నయ్య ఇంటికి పోవాలి. అక్కడ నాకు హాల్లో మడతమంచం. అందరూ టీవీ చూడటం అయ్యాక గానీ అది వేసుకోవడానికి లేదు. వదిన ఒక్క మాట కూడా అనదు. అనకుండా ఎంతెంత చెప్పగలదో మీకు తెలుసు.

నేను కుక్కను గీస్తే పంది వస్తోంది. మీరు వారపత్రికలో ఇరవై ఏళ్లు కుక్క బొమ్మ వేసినవారు. ఇప్పుడిప్పుడే పెన్సిల్ పట్టిన పిల్లల చేతికి వచ్చేలాంటి సులువైన కుక్కను ఒకటి గీసి పంపండి. మా హెడ్మాస్టారు కూడా ఒకప్పుడు ఏదో పత్రికలో బొమ్మలు వేసేవారట. కాబట్టి తప్పులు దాగవు.

మీ మేనకోడలు


జూన్ 17

కోడలుపిల్లా,

స్టాంపు తలకిందులుగా అతికించావు. అయినా చేరింది. ఈ లోకంలో తలకిందులైనవే ముందు చేరతాయి.

'సులువైన కార్టూన్ కుక్క' అన్న మాట దగ్గర నీ ఉత్తరం పక్కన పెట్టేసి, మొహం కడుక్కొచ్చి మళ్లీ చదివాను. కార్టూన్ కుక్క అంటే ఇప్పుడు ఏమిటో తెలుసా? ఒక ఉడికిన బంగాళాదుంప, దానికి రెండు గుండీలు, కింద తడిగుడ్డలా వేలాడే నాలుక, పైగా ఒక నవ్వు. కుక్క నవ్వదే పిల్లా. నవ్వుతూ బతకాల్సిన ఖర్మ జీతగాళ్లకు పట్టింది గానీ కుక్కలకు పట్టలేదు. నేనుండే గది కింద బట్టలుతికే షాపువాడు బోర్డు మీద అలాంటి కుక్కనే పసుపురంగులో వేయించాడు. మెట్లు దిగినప్పుడల్లా ఆ నాలుక నా మొహాన్ని నాకుతున్నట్టే ఉంటుంది. వేల ఏళ్ల కిందట గుహలో కూర్చుని బొగ్గుముక్కతో వేటకుక్కను గీసినవాడికి ఏ మాస్టారూ పాఠం చెప్పలేదు. వాడు డొక్కలు గీశాడు, ఆకలి గీశాడు. నాలుక మాత్రం గీయలేదు. అప్పట్నుంచి మనం దిగుతూ దిగుతూ ఇక్కడికొచ్చాం.

బొమ్మ పంపను. పంపితే నువ్వు దాన్ని చూసి గీస్తావు, నీది చూసి నలభైమంది గీస్తారు, ఆఖరివాడి దగ్గరకొచ్చేసరికి అది పిండేసిన నిమ్మచెక్కలా ఉంటుంది. మాటలు పంపుతాను. రాత నేర్పేదానివి కాబట్టి నీకు ఇదే సులువు.

పెద్ద సున్న చుట్టు. దాని లోపల, అడుగున, చిన్న సున్న. చిన్నదాని నెత్తిన ముక్కు, నల్లగా నింపు. కళ్లు రెండు చుక్కలు. పెద్దదానికి పైన తలకట్టు. రెండు పక్కలా రెండు కొమ్ములు. కింద కోడిగుడ్డులాంటి సున్న, అది ఒళ్లు. వెనక ఒక దీర్ఘం. అంతే. నాలుక గీశావంటే మళ్లీ నాకు ఉత్తరం రాయకు.

ఒక మాట. మీ హెడ్మాస్టారికి ఎడమ కనుబొమ ఎప్పుడూ పైకి లేచి ఉంటుందా? పాపిడి నడినెత్తిన తీస్తాడా? కళ్ల కింద సంచులున్నాయా? గీసిందాని కంటే చెరిపిందే ఎక్కువా? ఊరికే అడుగుతున్నాను.

మావయ్య


జూన్ 25

మావయ్యా,

మీరు చెప్పింది చెప్పినట్టు చేశాను. ఒక పిల్ల గీసిన కాగితం ఇందులో పెట్టాను, చూడండి.

కుక్కకు కొమ్ములేమిటా అని నాకూ అనిపించింది. కానీ కార్టూన్ కదా, పైగా మీరు కదా అని నోరు మూసుకున్నాను. తలకట్టు దగ్గర మాత్రం ఆగాను. దెబ్బ తగిలిన కుక్క అయితే పిల్లలకు జాలి పుడుతుందని మీ ఉద్దేశమేమో అనుకుని, తల చుట్టూ గుడ్డకట్టు వేసి వెనకాల ముడి పెట్టాను. తోక దీర్ఘంగా ఉండాలన్నారు. ఎంత దీర్ఘమో చెప్పలేదు. బోర్డు చివరిదాకా గీసి, చోటు చాలక కిందికి తిప్పాను.

ముందు బెంచీ పిల్ల లేచి, "టీచర్, ఈ ఎద్దుకు ఏమైంది?" అంది. ఇంకొకడు, ఆస్పత్రి నుంచి పారిపోయి వచ్చింది అన్నాడు. క్లాసంతా గోల. అప్పుడే కిటికీలో హెడ్మాస్టారు. బోర్డు వంక చూశారు, నా వంక చూశారు, "చూద్దాం" అని వెళ్లిపోయారు. స్టాఫ్ రూములో ఆ పూట నేను ఎవరి మొహమూ చూడలేదు. తడి డస్టర్లు ఆరేసిన తీగకేసి చూస్తూ కూర్చున్నాను.

మావయ్యా, మీకు ఈ పని ఇష్టం లేకపోతే లేదని చెప్పండి. వేళాకోళం మాత్రం వద్దు. నా పరిస్థితి వేళాకోళానికి సరిపడేంత బాగా లేదు.

మీరు అడిగినవన్నీ నిజమే. కనుబొమ, పాపిడి, సంచులు, అన్నీ. ఆయన ఎడమచేతిలో ఎప్పుడూ ఒక రబ్బరుముక్క నలుపుతూ ఉంటారు. మీకు ఆయన తెలుసా?

మీ మేనకోడలు


జూలై 1

ఓ చేతిరాత పంతులమ్మా,

నీ బొమ్మ చూశాను. నా జన్మలో చాలా చెత్త బొమ్మలు చూశాను, కొన్నిటికి బహుమతులు కూడా వచ్చాయి. కానీ కట్టు కట్టుకుని ఆస్పత్రి నుంచి వచ్చిన కొమ్ముల కుక్కను నా మేనకోడలి చేతి మీదుగా చూస్తాననుకోలేదు.

గుణింతం, తల్లీ. నేను చెప్పింది గుణింతం. తలకట్టు అంటే 'క' నెత్తిన ఉండే టిక్కు. కుక్క నడినెత్తిన లేచిన జుట్టు అది. కొమ్ము అంటే 'కు' పక్కన తిరిగే కొమ్ము. దాన్ని అటొకటి ఇటొకటి వేలాడదీస్తే చెవులు. దీర్ఘం అంటే 'కా' దీర్ఘం. అది తోక, జానెడు కూడా ఉండదు. అసలు 'కుక్క' అన్న మాటలోనే కొమ్మూ తలకట్టూ రెండూ ఉన్నాయి. రోజూ పిల్లల చేత అవే దిద్దించి, బొమ్మ దగ్గరకొచ్చేసరికి ఎద్దును తయారుచేశావు. వేళాకోళం చేసింది నేను కాదు, మీ బళ్లలో చదువు.

సరే. ఇప్పటికి అది ఏ కుక్క అయినా కావచ్చు. మొహం ఇవ్వాలి. జాగ్రత్తగా చదువు, ఈసారి ఎక్కడా నీ తెలివి కలపకు.

ఎడమ కంటి మీద ఎత్తుగా ఒక గుడి పెట్టు. 'కి' మీద ఉంటుందే, ఆ గుడి. కుడి కంటి మీద ఏమీ వద్దు. రెండు కళ్ల కిందా రెండు అరసున్నలు, వెల్లకిలా పడుకోబెట్టి. నోరు ఒక పక్కకే లాగు, ఆ చివర కొంచెం పైకి. గడ్డం కింద ఇంకో గడ్డం ఉన్నట్టు ఇంకో అరసున్న. తలకట్టును సరిగ్గా మధ్యకు చీల్చు. ఇదే కుక్క. ఇలాగే ఉండాలి. ఎందుకని అడగకు, గీత మార్చకు.

నీ హెడ్మాస్టారి గురించి అడిగావు. పత్రికల్లో చాలామంది పనిచేస్తారు. అందరూ అందరికీ తెలియాలని లేదు.

మావయ్య


జూలై 12

మావయ్యకు వెయ్యి నమస్కారాలు.

పిల్లలకు వచ్చేసింది. 'సున్న, సున్న, చుక్క, చుక్క, తలకట్టు, కొమ్ము, కొమ్ము' అని పాడుతూ గీస్తున్నారు. పెన్సిల్ పట్టనని మొండికేసిన ఒకమ్మాయి ఇప్పుడు కాగితం చాలక చేతి మీద, గోడ మీద, బాత్రూము తలుపు మీద కూడా గీస్తోంది. ఈ కుక్కలో ఏదో ఉంది మావయ్యా. ఎక్కడో చూసినట్టుంటుంది. మనల్నే తప్పు పడుతున్నట్టు చూస్తుంది. రేపట్నుంచి రోజూ రెండుసార్లు సాధన చేయిస్తాను. ఇంటి ఓనరుకు వచ్చే ఏడాది కూడా ఉంటానని చెప్పేశాను.

మీ మేనకోడలు


జూలై 19

మావయ్యా,

నిన్న అటెండరు ఒక బెంచీ మోసుకుంటూ వెళ్తూ దాని మీద గీసిన కుక్కను చూశాడు. బెంచీ కింద పెట్టి గోడకు ఆనుకుని నవ్వాడు. తర్వాత తడిగుడ్డ తెచ్చి తుడిచేసి, నా దగ్గరకొచ్చి మెల్లగా, "అమ్మగారూ, పెద్దాయన చూడకముందే ఏదో ఒకటి చేసుకోండి" అన్నాడు. నాకు అప్పటికీ వెలగలేదు. అదే సమయానికి హెడ్మాస్టారు వరండాలోకి వచ్చారు. కనుబొమ పైకెత్తి నిలబడ్డారు.

పిల్లల కుక్కే లేచొచ్చి నా ఎదురుగా నిలబడ్డట్టుంది.

అమ్మకు ఫోన్ చేసి హెడ్మాస్టారి పేరు చెప్పాను. "ఎవరు, ఆ రబ్బరుగాడా? మీ మావయ్య పాతికేళ్లుగా వాడి పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోతాడు" అంది. నా మొదటి ఉత్తరంతోనే మీకు అనుమానం వచ్చింది. రెండోదానితో ఖాయం చేసుకున్నారు. పిల్లలకు పాఠం చెప్పమని నేనడిగితే, మీరు నలభైమంది పసిపిల్లల చేతుల్లో ఆయన మొహం పెట్టి, వాళ్ల అమ్మానాన్నల ముందు బోర్డు మీద కుక్కగా గీయించబోయారు. ఆయన కళ్ల ముందే. నా చేత.

ఇది నా అన్నం మావయ్యా. మీ కక్ష తీర్చుకోవడానికి మీకు దొరికిన కంచం నాదేనా?

చెరిపేద్దామంటే పిల్లలు వినడం లేదు. కనుబొమ వద్దంటే, "అది లేకపోతే మన కుక్క కాదు టీచర్" అంటున్నారు.

(సంతకం పెట్టాలనిపించడం లేదు)


జూలై 23

పిల్లా,

కోపంలో నీ దస్తూరీ బాగుంది. నీకు జీతమిచ్చేది దానికే కాబట్టి మెచ్చుకుంటున్నాను.

ఎవడి గురించి కన్నీళ్లు పెట్టుకుంటున్నావో తెలుసుకో. నా కుక్క ఇరవై ఏళ్లు ఆ పత్రిక మూలన కూర్చుంది. బొమ్మలో మంత్రి వాగినా, మొగుడు వాగినా అది చూసేది. అంతే. ఒక్కనాడూ నోరెత్తలేదు. జనం ముందు ఆ మూల చూసి తర్వాత జోకు చదివేవాళ్లు. నాకు కామెర్లు వచ్చి మంచాన పడితే, పక్క టేబుల్ మీద కూర్చుని నా గీతలు చెరిపి చెరిపి నేర్చుకున్న రబ్బరుగాడు ఆ కుక్కను తీసుకున్నాడు. దానికి మాటలొచ్చాయి. నెత్తిన బుడగ పెట్టి జోకులు చెప్పించాడు, తోక ఊపించాడు. నాలుక కూడా బయటపెట్టించాడు. పాఠకులు ఉత్తరాలు రాశారు, మీ కుక్క ఇప్పుడు ఎంత ముద్దొస్తోందో అని. నేను లేచి ఆఫీసుకు వెళ్తే ఎడిటర్ నా భుజం మీద చెయ్యేసి, ఇంకొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి అన్నాడు. ఆ విశ్రాంతి ఇంకా నడుస్తోంది.

పోనీ వాడైనా దాన్ని సాకాడా? రెండేళ్లకే విసుగొచ్చి బొమ్మలు మానేసి బళ్లో చేరాడు. నా దగ్గర లాక్కున్నది తినడానికి కాదు, కొరికి పారేయడానికి.

నేను అబద్ధం గీయించలేదు. వాడి మొహం వాడిదే. నచ్చకపోతే వాడి దగ్గర రబ్బరుంది కదా, చెరుపుకోమను.

మావయ్య


జూలై 27

మావయ్యా,

మీరు రాసిందంతా రెండుసార్లు చదివాను. మీకు జరిగింది అన్యాయమే కావచ్చు. అందులో నేను ఎక్కడున్నానా అని వెతికాను. కనిపించలేదు.

అన్నయ్యకు ఫోన్ చేసి మడతమంచం గురించి అడిగాను. ఒక కాలు వంగిపోయిందట, బాగుచేయిస్తానన్నాడు.

మేనకోడలు


జూలై 30

కోడలుపిల్లా,

ఇది రాస్తుంటే నా మీద నాకే వెగటుగా ఉంది. అడ్డు తగలకుండా చదువు.

చేతికి పట్టిన గీతను చెరిపించలేవు. పెద్దవాళ్లే మానలేరు, పిల్లలేం మానతారు. దాని మీద ఇంకో గీత వేయించగలవు. కాబట్టి ఏదీ తీయకు. కలుపు.

కళ్ల కింద పడుకున్న అరసున్నలను పైదాకా తిప్పి నిండుసున్నలు చేయించు. సంచులు పోయి కళ్లజోడు అవుతుంది. రెండింటి మధ్య చిన్న గీత, ముక్కు మీదికి జారినట్టు. పైకి లేచిన గుడిని కుడి కంటిదాకా ఒకే గీతగా లాగి, నడుమ కిందికి కుంగదీయి. ఎవరో పాచిపోయిన కూర వడ్డించినట్టుండాలి. నోరు ఒక పక్క పైకి ఉంది కదా, రెండో పక్కన అంతకు రెట్టింపు కిందికి లాగు. రెండో గడ్డాన్ని నిలువు గీతలతో నింపు, మెడకు చుట్టుకున్న ఉన్ని మఫ్లరు అవుతుంది. పాపిడి మీద అడ్డంగా నాలుగు గీతలు గీకించు, దువ్వెన ఎరగని తల అవుతుంది. ఇది కుక్క పెద్దదైందని పిల్లలకు చెప్పు, నమ్ముతారు.

ఎవరి మొహమని అడుగుతావేమో. మొహం లేకుండా వదిలేస్తే పాతది బయటపడుతుంది, ఏదో ఒకటి కప్పాలి. ఇంత దూరం నుంచి, బొమ్మ లేకుండా, గీత తప్పకుండా చెప్పడానికి నాకు కంఠతా వచ్చిన మొహాలు రెండే. ఒకటి వాడిది. రెండోది గడ్డం గీసుకునేటప్పుడు రోజూ నా ఎదురుగా నిలబడి ఏడిపిస్తుంది.

మంచం బాగుచేయించవద్దని మీ అన్నకు చెప్పు.

మావయ్య


ఆగస్టు 14

మావయ్యకు నమస్కారాలు.

అయిపోయింది. ఉద్యోగం ఖాయమైంది. ముందు ఇది రాస్తే మీరు మిగతాది ప్రశాంతంగా తిట్టుకుంటూ చదువుతారని.

కుక్క పెద్దదైందంటే పిల్లలు వెంటనే ఒప్పుకున్నారు. కళ్లజోడు అంటే ఎగిరి గంతేశారు. నిన్న ఒక్కొక్కరే వచ్చి గీశారు. బోర్డు చాలక పక్క గదిలోంచి ఇంకో బోర్డు తెప్పించాం. వరసగా ఆ కుక్కలన్నీ కళ్లజోళ్లలోంచి తల్లిదండ్రులను అసహ్యంగా చూస్తుంటే, వాళ్లు చప్పట్లు కొడుతూనే కొంచెం సర్దుకుని కూర్చున్నారు.

హెడ్మాస్టారు వెనక నిలబడ్డారు. కాసేపటికి ముందుకొచ్చి బోర్డు దగ్గర వంగి చూశారు. చాలాసేపు చూశారు. ఆయన పిల్లల బెంచీ మీద కూలబడి కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వారు. అందరూ వెళ్లాక నన్ను గదికి పిలిచి, "ఈ మొహం మనిషి నీకేమవుతాడు?" అని అడిగారు. మావయ్య అన్నాను. "మఫ్లరు ఇంకా తీయలేదా?" అన్నారు.

సొరుగు తెరిచి ఒక కాగితం చూపించారు. పాత కుక్క, ఆయన మొహంతో. ఎప్పుడో బాత్రూము తలుపు మీద చూసి, గీసిన అమ్మాయినే పిలిచి అడిగి గీయించుకున్నారట. నేను క్షమించమని మొదలుపెడితే ఆపి, ఈ బొమ్మను మీ మావయ్య పంపాడా అని అడిగారు. పంపలేదు, మాటల్లో రాశారు అన్నాను. "బొమ్మ లేకుండానే పోలిక పట్టాడా" అని ఆ కాగితాన్ని మళ్లీ చూసుకున్నారు. అప్పుడు ఆయన మొహంలో కోపం లేదు. ఈర్ష్య ఉందనుకుంటాను.

మీ జబ్బు రోజుల సంగతి నేనే అడిగాను. ఎడిటర్ ఆ మూలను ప్రకటనలకు ఇచ్చేయబోతే, మీ చోటు పోకూడదని తను గీశానన్నారు. మాట్లాడించింది ఎందుకంటే, "వాడి కుక్క ఊరుకుంటే అర్థం ఉండేది. నేను గీస్తే ఉత్తినే ఊరుకున్నట్టుండేది. చేతకాక మాట్లాడించాను" అన్నారు. నిజమో కాదో నాకు తెలియదు. విన్నది రాశాను.

ఆయన కోరిక ఒకటుంది. గేటు పక్క గోడ మీద ఈ కుక్కను పెద్దగా వేయించాలట, పిల్లల చేతనే. మీ అనుమతి లేకుండా వద్దన్నారు. ఏమని చెప్పమంటారు?

మీ మేనకోడలు


ఆగస్టు 19

కోడలుపిల్లా,

ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. ఆ ముక్క వరకు ఉత్తరం బాగుంది.

వాడి కథ విన్నాను. నా చోటు కాపాడటానికి నా చోట్లో కూర్చున్నాడన్నమాట. చాలామంది ఇలాగే కాపాడతారు. నిజమై ఉండొచ్చు, కాకపోనూ వచ్చు. పాతికేళ్లు మురగబెట్టిన దాన్ని ఇప్పుడు మూత తీసి వాసన చూడమంటే నాకు ఓపిక లేదు. చేతకాక మాట్లాడించానన్నాడు చూడు, అదొక్కటీ నమ్ముతాను. వాడి చేతి సంగతి నాకు తెలుసు. సొరుగులో దాచుకున్న కాగితం మాత్రం నాకు బొత్తిగా నచ్చలేదు. మనిషిని అంత కష్టపడి అవమానిస్తే అవమానపడాలి. అటక మీద దాచుకునే సామానా అది? మర్యాద తెలియని వెధవ.

ఇక గోడ సంగతి. నా మొహాన్ని కుక్కకు తగిలించి, పాతికేళ్లుగా నేను ఉమ్మేస్తూ వచ్చినవాడి గేటు దగ్గర కూర్చోబెడతారు. పైగా నా సొంత మేనకోడలు, నేను చెప్పిన గీతలతో. ఇంతకంటే చక్కగా నా శత్రువు కూడా ఏర్పాటు చేయలేకపోయేవాడు. వద్దని రాయడానికే కూర్చున్నాను. తర్వాత నీ గది గుర్తొచ్చింది. ఆ గోడ మీద పిల్లల పని ఉన్నన్నాళ్లూ వాడు నిన్ను కదపలేడు.

కాబట్టి వేయించు. కానీ మొహం రోడ్డువైపు పెట్టకు. రోడ్డుకేసి చూస్తే వాడి బడికి కాపలా కాసినట్టుంటుంది. గోడకు లోపలివైపు వేయించు, వాడి గది కిటికీకి ఎదురుగా. పొద్దున్నే వాడు తలుపు తీసేసరికి నేను చూస్తూ ఉండాలి.

మావయ్య